పంక్తిభేదము

ఒక్క పంక్తిని కూర్చున్నవారిలో నొకరికి నేయి వడ్డించి వేరొకరిని దాటిపోవుట పంక్తిభేదమని మనమందఱ మెఱుగుదుము. అతిథులయెడ నట్లు చేయము. ఇంట నొడలు పెరిగిన బిడ్డ యున్నచో మాత్రము దినదినము చేయుచున్నాము. అన్నకు జంతికలు, తండ్రికి మిఠాయి. తొమ్మిదేండ్ల పిల్లకు "నీకు వద్దు, ఇప్పటికే లావైతివి" అను మాట. ఆ పిల్ల మాటుగా డబ్బామూత తీయును. పిమ్మట దానికి తిండిపోతని పేరు పెట్టుదుము. ఇట్టి యిండ్లను మేము పెక్కింటిని చూచితిమి.

చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయమున నతిస్థౌల్యమునకు హేతువులు చెప్పబడినవి: మితిమీరిన భోజనము, తీపియు జిడ్డును గల గురుపదార్థములు, వ్యాయామము లేమి, పగటినిద్ర, వీనితోపాటు బీజస్వభావము. ఈ కడపటిది సోదరీమణులు గమనింపవలయును. బీజము తల్లిదండ్రులది, వంట మనది, ఆటకు పంపక సెల్‌ఫోను చేతికిచ్చినదియు మనమే. శిక్ష మాత్రము పిల్లకు!

అమెరికాలో లియొనార్డ్ ఎప్‌స్టీన్ అను శాస్త్రజ్ఞుడును సహచరులును 6 మొదలు 12 ఏండ్ల వయసుగల స్థూలకాయులగు పిల్లలకు చికిత్స చేసి, పదియేండ్ల పిమ్మటి ఫలితమును 1990లో ప్రకటించిరి. ఆహారవ్యాయామములను గూర్చిన బోధ యన్ని తెగలకు నొక్కటియే. బిడ్డతోపాటు తల్లియో తండ్రియో తామును బరువు తగ్గుటకు పూనుకొనిన తెగలో, పిల్లల యధికభారము సగటున నూటికి 7.5 పాళ్లు తగ్గియుండెను. బిడ్డ నొక్కదానినే దిద్దబూనిన తెగలో 4.5 పాళ్లు పెరిగెను. 2023లో ఆ దేశపు శిశువైద్యుల సంఘమును కుటుంబసహితమైన చికిత్సనే సూచించినది.

కావున మార్పు పళ్లెమున గాక బజారు సంచిలో మొదలిడవలయునని మాకు తోచుచున్నది. చిప్సు పొట్లములు, తీపి పానీయపు సీసాలు ఇంటికే రాకున్న నొకరికి వద్దనవలసిన పనియే లేదు. సాయంకాలము వేయించిన సెనగలు, జామపండు, మజ్జిగ అందఱకును. భోజనవేళ ఎవ్వరి చేతిలోను ఫోనుండరాదు. ఇంటి యజమాని చేతిలోను. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తండ్రి బిడ్డలతో గలిసి నడచుట మేలు. ఉపవాసములు మాత్రము తగవు. ఎదుగు బిడ్డ బరువు నిలిచి యెత్తు పెరిగినను చాలునని వైద్యులు పెక్కుసార్లు చెప్పుదురు. తూనికను వారికి విడువుడు.

ఇక అత్తగారు. మనుమరాలి చేతిలో సున్నుండ పెట్టుట యామె వాత్సల్యము. కోడలు కాదన్న కలహము. కొడుకు చెప్పిన హితవు. కావున ఆ మాట ఆయనచేతనే చెప్పింపవలయును. మనుమరాలిని వెంటబెట్టుకొని గుడికి నడచుపని యామెకప్పగించినచో, పిల్లకు ఉండకు బదులు కథ దొరకును. ఆమె మోకాళ్లు సహకరించినంత దూరమే చాలును.