చెడిపోతున్న హార్డ్ డిస్క్ నుండి పరిశోధన దత్తాంశాల రక్షణ: తీరప్రాంత శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

పరిచయం

క్షేత్ర ప్రయోగం విఫలమైతే మరుసటి ఋతువులో దానిని తిరిగి వేయవచ్చు. పూర్తయిన ప్రయోగానికి సంబంధించిన దత్తాంశాలు పోతే ఆ అవకాశం లేదు. ఆ సంవత్సరపు వర్షపాతం, ఎండ, తెగుళ్ల ఉధృతి మరల అదే రీతిలో రావు. చెరకు వంటి దీర్ఘకాలిక పైరులో ఈ నష్టం మరింత ఎక్కువ. మొక్క తోట, మొదటి కార్శి, రెండవ కార్శి పూర్తయ్యేసరికి సుమారు మూడు సంవత్సరాలు గడుస్తాయి. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో ప్రారంభమైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ ఉపయోగపడుతున్నదంటే, తరతరాలుగా దాని లెక్కలను భద్రపరచడమే ప్రధాన కారణం. మన ఉత్తర కోస్తాలో చెరకు పరిశోధనకు అనకాపల్లిలో 1913లోనే పునాది పడింది. ఆనాటి లెక్కలు కాగితంపై ఉండేవి. నేటి లెక్కలు అధిక భాగం హార్డ్ డిస్క్‌లపై ఉన్నాయి.

కొన్నేళ్ల క్రితం నా పర్యవేక్షణలో ఉన్న ఒక విద్యార్థికి ఎదురైన అనుభవం ఈ వ్యాసానికి ప్రేరణ. వర్షాకాలంలో ఒక సాయంత్రం పలుమార్లు కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే బలహీనపడి ఉంది. మరునాడు కంప్యూటర్ తెరుచుకోవడానికి అరగంట పట్టింది. చెరకు దిగుబడి, రసనాణ్యత పట్టికలు తెరుస్తుంటే మధ్యలో ఆగిపోయాయి. విద్యార్థి విండోస్‌లోని డిస్క్ మరమ్మతు ఆదేశాన్ని ఇచ్చి ఇంటికి వెళ్లాడు. ఉదయానికి ఆ పని సగంలో నిలిచిపోయింది. కొన్ని ఫైళ్లు అసలు పేర్లు కోల్పోయి వేరొక ఫోల్డర్‌లో చేరాయి. మరమ్మతు దుకాణంలో చూపితే ఫార్మాట్ చేసి ఇస్తామన్నారు. అతని సిద్ధాంత గ్రంథ సమర్పణకు అప్పటికి నాలుగు నెలల గడువు మాత్రమే ఉంది.

ఆ దత్తాంశాలలో అధిక భాగం చివరకు దక్కింది. అయితే మొదటి రాత్రి మరమ్మతుకు బదులుగా నకలు తీసి ఉంటే మరికొంత దక్కేది. అందువలన ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచినది ఒక్కటే: చెడిపోతున్న డిస్క్‌కు మొదట నకలు తీయాలి, మరమ్మతు ఏదైనా ఆ నకలుపైనే చేయాలి.

హార్డ్ డిస్క్ పనిచేయు విధానం

హార్డ్ డిస్క్ లోపల అయస్కాంత పూత గల అల్యూమినియం లేదా గాజు పళ్లాలు ఉంటాయి. ఇవి సాధారణంగా నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. చదివే, వ్రాసే హెడ్ పళ్లాన్ని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం దాని కంటే కొన్ని వేల రెట్లు అధికం. ఆ సందులో ధూళి కణం చేరినా, పనిచేస్తున్న డిస్క్‌కు కుదుపు తగిలినా హెడ్ పళ్లాన్ని గీస్తుంది. అందుచేత హార్డ్ డిస్క్ మూతను గదిలో ఎన్నడూ తెరువరాదు.

పళ్లెంపై సమాచారం సెక్టార్లు అనే చిన్న మడులలో ఉంటుంది. ఒక్కొక్క సెక్టార్‌లో 512 లేదా 4096 బైట్లు పడతాయి. ఏదైనా సెక్టార్ చదవడానికి కష్టమైతే డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కంప్యూటర్ ఒక్కసారిగా మందగించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఎంతకూ చదవలేని సెక్టార్‌ను డిస్క్ పెండింగ్ జాబితాలో ఉంచుతుంది. ఆ చోట తిరిగి వ్రాయడం సాధ్యం కాకపోతే దాని స్థానంలో అదనపు సెక్టార్‌ను కేటాయిస్తుంది. ఈ లెక్కలన్నింటినీ స్మార్ట్ అనే స్వీయ పరిశీలన వ్యవస్థ నమోదు చేస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ఉచిత ప్రోగ్రాములతో ఈ నమోదులను చూడవచ్చు.

తీరప్రాంతంలో అదనపు ప్రమాదాలు

విశాఖపట్నం వంటి ఓడరేవు నగరంలో గాలిలో తేమ, ఉప్పు అధికం. డిస్క్ అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డుపై, కేబుల్ కొనలపై ఇవి తుప్పుకు దారితీస్తాయి. ఏసీ గదిలో చల్లబడిన డిస్క్‌ను తేమ గాలిలోకి తెచ్చి వెంటనే నడిపితే దానిపై నీటి ఆవిరి చేరే ప్రమాదం ఉంది. గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకు ఆగడం మంచిది.

వీటికి తోడు తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచే గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు అందలేదు. ఇటువంటి సమయంలో కంప్యూటర్ ఆకస్మికంగా ఆగిపోవడం, వాన నీరు గదిలోకి రావడం, తరువాత హెచ్చుతగ్గులతో కూడిన జనరేటర్ కరెంటు అందడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. డిస్క్‌కు ఈ మూడూ హానికరమే.

లక్షణాలను బట్టి కారణం గుర్తించడం

ఆకు పసుపు రంగుకు మారితే అది నత్రజని లోపమా, ఇనుప ధాతు లోపమా, వేరుకుళ్లా అని తేల్చుకోకుండా మందు పిచికారీ చేయము. డిస్క్ విషయంలోనూ ఈ క్రమశిక్షణే అవసరం.

1. కంప్యూటర్ మందగించడం, కొన్ని ఫైళ్లు తెరుచుకోకపోవడం: చెడు సెక్టార్లు ఉండే అవకాశం ఎక్కువ. స్మార్ట్ పట్టికలో 5, 197, 198 సంఖ్యల ఎదుట ముడి విలువ సున్నా కంటే ఎక్కువగా ఉండి, పెరుగుతుంటే డిస్క్ క్షీణిస్తున్నట్లు భావించాలి.

2. డిస్క్ మధ్యమధ్య కనిపించకుండా పోవడం, 199వ విలువ పెరగడం: ఇది తరచుగా కేబుల్ లోపం. కేబుల్ మార్చి తిరిగి పరిశీలించాలి. మార్చిన తరువాత ఆ విలువ పెరగకపోతే పళ్లాలలో దోషం లేకపోవచ్చు.

3. డిస్క్ ఆరోగ్యంగా కనిపిస్తున్నా ఫార్మాట్ చేయమని కంప్యూటర్ అడగడం: ఫైళ్ల పట్టిక లేదా విభాగాల పట్టిక దెబ్బతిన్నదని అర్థం. సమాచారం డిస్క్‌పై ఉండవచ్చు. ఫార్మాట్‌కు అంగీకరించరాదు.

4. లయబద్ధంగా టక్ టక్ మనే శబ్దం, గీరుకుంటున్న శబ్దం: హెడ్ దెబ్బతిన్న సూచన. వెంటనే కరెంటు తీసివేయాలి. నడిచే ప్రతి నిమిషం పళ్లాన్ని మరింత గీయవచ్చు. ఇది శుద్ధ గది సౌకర్యం గల ప్రయోగశాల మాత్రమే చేయదగిన పని.

5. ఏ శబ్దమూ లేకపోవడం, పళ్లెం తిరగకపోవడం: కరెంటు సరఫరా, సర్క్యూట్ బోర్డు లేదా మోటారు లోపం. మొదట వేరొక కంప్యూటర్‌లో, వేరొక కేబుల్‌తో పరీక్షించాలి. అదే నమూనా డిస్క్ నుండి బోర్డు తీసి అమర్చడం వలన సాధారణంగా ప్రయోజనం ఉండదు. ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన సర్దుబాటు వివరాలు పాత బోర్డుపై ఉన్న చిప్‌లో ఉంటాయి.

6. నీటిలో తడిసిన డిస్క్: కరెంటు ఇవ్వరాదు. ఎండలో ఆరబెట్టరాదు, బియ్యంలో ఉంచరాదు. ఆరిన నీటిలోని లవణాలు, మట్టి లోపల అంటుకుంటాయి. తడిగానే గాలి చొరని సంచిలో ఉంచి ప్రయోగశాలకు పంపాలి.

స్మార్ట్ విలువలు సక్రమంగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి స్కాన్ లోపం కనిపించిన డిస్క్ తరువాతి 60 రోజులలో చెడిపోయే అవకాశం, అటువంటి లోపం లేని డిస్క్ కంటే 39 రెట్లు అధికమని తేలింది. అదే అధ్యయనంలో, చెడిపోయిన డిస్క్‌లలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికలలో ఏ హెచ్చరికనూ చూపలేదు. హెచ్చరిక వస్తే నమ్మాలి. హెచ్చరిక రాలేదు కనుక క్షేమమని నమ్మరాదు.

మొదట చేయకూడనివి

డిస్క్ మరమ్మతు ఆదేశం, డీఫ్రాగ్, ఫార్మాట్, విండోస్ పునఃస్థాపన వంటివి దెబ్బతిన్న డిస్క్‌పై వ్రాస్తాయి. వ్రాసిన చోట పాత సమాచారం తుడిచిపెట్టుకుపోతుంది. రికవరీ ప్రోగ్రామును ఆ డిస్క్ పైనే స్థాపించడం కూడా ఇటువంటి పొరపాటే. డిస్క్‌ను తట్టడం, ఫ్రీజర్‌లో ఉంచడం వంటి ప్రచారంలో ఉన్న చిట్కాలను పాటించరాదు. ఫ్రీజర్ నుండి తీసిన డిస్క్‌పై తేమ చేరి నష్టం పెరుగుతుంది.

నకలు తీయు విధానం

డిస్క్ తిరుగుతూ, అసహజ శబ్దం లేకుండా, కంప్యూటర్‌కు కనిపిస్తున్నప్పుడు మాత్రమే ఈ పద్ధతిని అనుసరించాలి. మరొక ప్రతి లేని, అత్యంత విలువైన దత్తాంశాలైతే ఈ దశలోనే నిపుణుల ప్రయోగశాలను ఆశ్రయించడం ఉత్తమం.

ముందుగా కంప్యూటర్‌ను ఆపి, డిస్క్‌ను తీసి, వేరొక కంప్యూటర్‌కు నేరుగా సాటా కేబుల్‌తో కలపాలి. దానికి సమానమైన లేదా అంతకంటే ఎక్కువ సామర్థ్యం గల కొత్త డిస్క్‌ను సిద్ధం చేసుకోవాలి. పెన్ డ్రైవ్ నుండి లైనక్స్ ప్రారంభించి, పాత డిస్క్‌ను మౌంట్ చేయకుండా జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో నకలు తీయాలి.

ఈ ప్రోగ్రాము పనితీరు మనం పంట కోసే తీరును పోలి ఉంటుంది. మొదటి విడతలో సులభంగా చదవగలిగిన భాగాలన్నింటినీ సేకరిస్తుంది, కష్టమైన చోట్లను దాటవేస్తుంది. తరువాతి విడతలలో వదిలిన చోట్లకు తిరిగి వస్తుంది. డిస్క్ మధ్యలో పూర్తిగా ఆగిపోయినా మంచి భాగం అప్పటికే చేతికి వచ్చి ఉంటుంది. ఏ భాగం వచ్చినది, ఏది రాలేదు అనే వివరాన్ని మ్యాప్ ఫైలులో వ్రాస్తుంది. ఈ ఫైలును మూడవ డిస్క్‌పై భద్రపరిస్తే పని ఆగిన చోటు నుండి కొనసాగించవచ్చు. పునఃప్రయత్నాలను రెండు మూడింటికి పరిమితం చేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అత్యవసరం. మూల డిస్క్, గమ్య డిస్క్ తారుమారైతే ఖాళీ డిస్క్ నిండు డిస్క్‌పై పరచుకుంటుంది. ఆదేశం ఇచ్చే ముందు రెండు డిస్క్‌ల క్రమసంఖ్యలను కాగితంపై వ్రాసుకొని, తెరపై కనిపించే సంఖ్యలతో మరొకరిచేత సరిచూపించుకోవాలి.

నకలు పూర్తయిన పిదప పాత డిస్క్‌ను విడదీసి భద్రపరచాలి. నకలుకు మరొక ప్రతి తీసి, ఆ ప్రతిపై టెస్ట్‌డిస్క్‌తో విభాగాల పట్టికను సరిచేయవచ్చు. అది ఫలించకపోతే ఫోటోరెక్‌తో ఫైళ్లను వెలికితీయవచ్చు. రెండవ పద్ధతిలో ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల అమరిక సాధారణంగా దక్కవు. వందల ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి గుర్తించవలసి ఉంటుంది.

హార్డ్ డిస్క్‌కు బదులు ఎస్‌ఎస్‌డీ వాడేవారు ఒక తేడా గమనించాలి. ఎస్‌ఎస్‌డీలో తొలగించిన ఫైలు స్థలాన్ని ట్రిమ్ అనే ప్రక్రియ శుభ్రపరుస్తుంది. ఆ తరువాత ఆ ఫైలును తిరిగి పొందడం దాదాపు అసాధ్యం. ఎస్‌ఎస్‌డీ ఎటువంటి శబ్ద హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది కూడా.

దక్కిన దత్తాంశాల సరిచూత

ఫైలు తెరుచుకున్నంత మాత్రాన అందులోని అంకెలు సరైనవని భావించరాదు. చదవలేని సెక్టార్ల స్థానం నకలులో ఖాళీగా మిగిలిపోతుంది. ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు ఉన్న ప్రయోగంలో 24 మడుల విలువలు ఉండాలి. వాటి సంఖ్య, మొత్తాలు, సగటులను క్షేత్ర పుస్తకంతో పోల్చాలి. మా విద్యార్థి విషయంలో రెండవ కార్శి రసనాణ్యత ఫైలు ఎంతకూ తెరుచుకోలేదు. క్షేత్రంలో పెన్సిలుతో వ్రాసిన బ్రిక్స్ విలువలు పుస్తకంలో ఉన్నందున ఆ పట్టికను తిరిగి తయారుచేయగలిగాము. పుస్తకంలోకి ఎక్కించకుండా నేరుగా కంప్యూటర్‌లో నమోదు చేసిన కొన్ని కొలతలు మాత్రం శాశ్వతంగా పోయాయి. వాటిని అంచనాలతో పూరించలేదు. లోపించిన విలువలుగానే విశ్లేషించి, ఆ విషయాన్ని గ్రంథంలో పేర్కొన్నాము. దక్కని అంకెను దక్కినట్లు చూపడం డిస్క్ చెడిపోవడం కంటే పెద్ద నష్టం.

నివారణ

మూల విత్తనాన్ని ఒకే గోదాములో ఉంచము. దత్తాంశాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరొక ఊరిలో అనే సూత్రం విస్తృతంగా ఆమోదం పొందింది. తీరప్రాంతంలో ఆ వేరొక ఊరి ఎంపిక ముఖ్యం. విశాఖపట్నం, అనకాపల్లి ఒకే తుపాను దారిలో ఉండగలవు. అందువలన ఒక ప్రతి గుంటూరు లాంలోని విశ్వవిద్యాలయ కేంద్రం వంటి దూర ప్రాంతంలో గాని, సంస్థ ఆమోదించిన క్లౌడ్ నిల్వలో గాని ఉండాలి.

• కొలతలు తీసిన రోజునే క్షేత్ర పుస్తకం పుటలను ఫోటో తీసి భద్రపరచాలి.
• ఎక్సెల్ పట్టికతో పాటు సాదా సీఎస్‌వీ రూపంలోనూ ఒక ప్రతి ఉంచాలి.
• బయటి డిస్క్‌ను నకలు తీసిన వెంటనే విడదీయాలి. ఎప్పుడూ కలిపి ఉంచితే విద్యుత్ దోషం, వైరస్ రెండింటినీ ఒకేసారి నాశనం చేయగలవు.
• యూపీఎస్ బ్యాటరీని ఏటా వర్షాకాలానికి ముందు పరీక్షించాలి.
• తుపాను హెచ్చరిక వెలువడగానే నకలు తీసి, కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ తీసి, నేల నుండి ఎత్తులో ఉంచాలి.
• ఋతువుకు ఒకసారి నకలు నుండి ఒక ఫైలును తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు మొలక పరీక్ష చేయని విత్తనం వంటిది.

ముగింపు

హార్డ్ డిస్క్ కొన్ని వేల రూపాయలకు తిరిగి లభిస్తుంది. మూడు సంవత్సరాల కార్శి ప్రయోగం ఏ ధరకూ లభించదు. పరిశోధన పర్యవేక్షకులు విద్యార్థి ప్రణాళికను ఆమోదించే నాడే ట్రీట్‌మెంట్లు, డిజైన్‌తో పాటు దత్తాంశాల ప్రతులు ఎక్కడెక్కడ ఉంటాయో కూడా వ్రాయించి సంతకం చేయడం మంచిది. ఆ ఒక్క వాక్యం మా ప్రణాళికలో ఆనాడు లేదు. ఆ లోపం విద్యార్థిది కాదు, పర్యవేక్షకుడిగా నాది.