సైన్యం ముందు, తీర్మానం తర్వాత

అంతర్యుద్ధంలో చిక్కుకున్న దేశానికి ఆ ప్రాంతంలోని రాజ్యాలే కూటమిగా ఏర్పడి పంపే సైనిక బృందాన్ని ప్రాంతీయ శాంతి పరిరక్షక దళం అంటారు. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని ఎనిమిదో అధ్యాయం స్థానిక వివాదాల పరిష్కారంలో ఇటువంటి కూటములను ప్రోత్సహిస్తూనే, భద్రతా మండలి అనుమతి లేనిదే అవి బలప్రయోగానికి దిగరాదని 53వ అధికరణంలో షరతు విధించింది. 1965లో డొమినికన్ రిపబ్లిక్ విషయంలో ఈ షరతును గట్టిగా పరీక్షించినది అమెరికా సంయుక్త రాష్ట్రాలే.

1962 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన హువాన్ బోష్‌ను మరుసటి సెప్టెంబరులో సైన్యం గద్దె దించింది. ఆయనను తిరిగి అధికారంలో నిలపాలని 1965 ఏప్రిల్ 24న కొందరు సైనికాధికారులు తిరగబడగా, రాజధాని శాంటో డొమింగో ప్రజలు వారికి తోడవడంతో అంతర్యుద్ధం రాజుకుంది. నాలుగు రోజులకే అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెరైన్లను దింపాడు. అమెరికన్ల ప్రాణరక్షణ కోసమని మొదట చెప్పిన ప్రభుత్వం, రోజుల వ్యవధిలోనే కమ్యూనిస్టుల భయాన్ని బాహాటంగా ముందుకు తెచ్చింది. చూస్తుండగానే అక్కడి అమెరికా సైనికుల సంఖ్య 20 వేలు దాటింది.

వాషింగ్టన్ కేంద్రంగా పనిచేసే అమెరికా రాజ్యాల సంస్థ ముందుకు ఈ వ్యవహారం వచ్చేసరికి సైన్యం వీధుల్లో ఉంది. సభ్యదేశాల వ్యవహారాల్లో జోక్యాన్ని నిషేధించే నిబంధనావళి గల ఆ సంస్థే మే 6న ఉమ్మడి దళాన్ని ఆమోదించింది. అనుకూలంగా పడిన 14 ఓట్లు మూడింట రెండు వంతుల మెజారిటీకి సరిగ్గా సరిపోయాయి. పైగా వాటిలో ఒకటి, అప్పటికే కుప్పకూలిన డొమినికన్ ప్రభుత్వ ప్రతినిధిది. మెక్సికో, చిలీ, పెరూ, ఉరుగ్వే, ఈక్వడార్ వ్యతిరేకించాయి. బ్రెజిల్ వెయ్యి మందికి పైగా సైనికులను పంపగా, హోండురస్, పరాగ్వే, నికరాగువా చిన్న బృందాలను, కోస్టారికా కొద్దిమంది పోలీసులను పంపాయి. దళాధిపతిగా బ్రెజిల్ జనరల్ ఊగో పనాస్కో అల్విమ్‌ను, ఉపాధిపతిగా అమెరికా జనరల్ బ్రూస్ పామర్‌ను నియమించినా, బలగంలో అత్యధికులు అమెరికన్లే.

తటస్థత అప్పటికే దెబ్బతింది. అమెరికా దళాలు నగరం గుండా ఏర్పరచిన కారిడార్ తిరుగుబాటుదారులను రెండుగా చీల్చడంతో, ఉత్తర భాగంలో చిక్కినవారిని తిరుగుబాటును వ్యతిరేకించిన సైనిక పక్షం మే నెలలోనే తుడిచిపెట్టగలిగింది. ఐక్యరాజ్యసమితి పంపినది చిన్న పరిశీలక బృందాన్ని మాత్రమే. అందులోని సైనిక పరిశీలకులకు నాయకత్వం వహించినది భారత మేజర్ జనరల్ ఇందర్ జిత్ రిఖ్యే అన్న సంగతి మన పాఠకులు గుర్తుంచుకోదగినది.

అయితే ఈ దళం వల్ల మేలేమీ జరగలేదనడం న్యాయం కాదు. ఆగస్టు 31న రాజీ ఒప్పందం కుదిరింది. హెక్టర్ గార్సియా గొడోయ్ తాత్కాలిక ప్రభుత్వం దళం అండతో నిలదొక్కుకుంది. 1966 జూన్ 1 ఎన్నికల్లో హోవాకిన్ బలగేర్ గెలిచాక, సెప్టెంబరుకల్లా దళం వెనుదిరిగింది. కాల్పులు ఆగాయి గాని, విశ్వాసం మిగలలేదు. అమెరికా సెనేట్ విదేశాంగ సంఘాధ్యక్షుడు విలియం ఫుల్‌బ్రైట్ స్వయంగా ఈ జోక్యాన్ని సభలో తప్పుపట్టాడు. అమెరికా రాజ్యాల సంస్థ అటువంటి దళాన్ని మళ్లీ ఏర్పరచలేదు.

సైన్యం ముందు, తీర్మానం తర్వాత అన్న ఈ వరుస 2003లో లైబీరియా విషయంలో తిరగబడింది. ఆగస్టు 1న భద్రతా మండలి అనుమతి ఇచ్చిన తర్వాతే నైజీరియా సైనికులు ముందు నడవగా పశ్చిమాఫ్రికా దళం అడుగుపెట్టింది. అమెరికా నౌకలు రాజధాని మన్రోవియా తీరానికి దూరంగా నిలిచి, సుమారు 200 మంది మెరైన్లను మాత్రమే కొద్దిరోజులు ఒడ్డుకు పంపాయి. అక్టోబరు 1న శాంతి పరిరక్షణ బాధ్యతను ఐక్యరాజ్యసమితి స్వీకరించింది.