వార్తల్లో పదం: ఫిఫ్త్ వీల్

పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో బిగించిన హిచ్‌కు తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి ట్రైలరే ఫిఫ్త్ వీల్. అమెరికా, కెనడాల్లో సొంతిల్లు వదిలి ఏడాది పొడవునా తిరుగుతూ బతికేవారిలో చాలామంది దీన్ని ఎంచుకుంటారు. ట్రైలర్ ముందుభాగం నుంచి కిందికి దిగే కింగ్‌పిన్ హిచ్‌లో ఇమిడిపోతుంది. ట్రైలర్ ముందుభాగపు బరువు ట్రక్కు వెనుక ఇరుసు మీద పడటంతో, బంపర్ వెనుక తగిలించే ట్రైలర్ల కంటే ఊగిసలాట తక్కువ.

ఎంపికలో మొదట చూడాల్సింది బరువే. ట్రైలర్ బరువులో సుమారు 15 నుంచి 25 శాతం కింగ్‌పిన్ మీద పడుతుంది. సామానుతో నిండిన బండి 14,000 పౌండ్లు తూగితే, 20 శాతం లెక్కన 2,800 పౌండ్లు ట్రక్కు మోయాలి. హిచ్, మనుషులు, సామాను బరువు దీనికి అదనం. మొత్తం కలిపి ట్రక్కు డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న పేలోడ్‌ను, అంటే ట్రక్కు మోయగల గరిష్ఠ బరువును, దాటకూడదు.

తర్వాతిది నివాస యోగ్యత. చలికాలంలోనూ ఉండాలంటే గోడలకు, నేలకు మంచి ఇన్సులేషన్, నీళ్లు గడ్డకట్టకుండా ట్యాంకులకు వేడి అందే ఏర్పాటు అవసరం. మంచినీరు, సింకు-స్నానాల నీరు, మరుగుదొడ్డి వ్యర్థాలకు వేర్వేరు ట్యాంకులుంటాయి. బండి ఆపినప్పుడు పక్కకు జరిగి గదిని వెడల్పు చేసే స్లైడ్‌అవుట్లు మూసి ఉన్నా బాత్రూం, ఫ్రిజ్ అందుబాటులో ఉండాలి.

పొడవు పెరిగితే సౌకర్యం పెరుగుతుంది కానీ, నేషనల్ పార్కుల్లోని చాలా పాత క్యాంప్‌గ్రౌండ్లలో పొడవాటి బండ్లు పట్టవు. శాశ్వత నివాసానికి వాడితే కొన్ని కంపెనీల వారంటీ వర్తించదు. కొనేముందే ఆ షరతులు చదవాలి.