టైరు ఒకవైపే ఎందుకు అరుగుతుంది?

మర్రిగూడ నుంచి మాల్ మీదుగా సాగర్ రోడ్డెక్కి హైదరాబాద్ వెళ్లొచ్చే కార్లకు గుంతలు తప్పవు. చక్రం ఒక్కసారి గట్టిగా గుంతలో పడినా స్ట్రట్, అంటే చక్రాన్ని నిలబెట్టే షాక్ అబ్జార్బర్ కడ్డీ, వంగొచ్చు. అప్పుడు చక్రం నిలువు తప్పి పక్కకు వాలుతుంది. ఆ వాలునే క్యాంబర్ అంటారు. పైభాగం లోపలికి మరీ వాలితే టైరు లోపలి అంచు, బయటికి వాలితే బయటి అంచు అరిగిపోతుంది.

అయితే క్యాంబర్‌ను తప్పుపట్టే ముందు గాలి చూసుకోవాలి. గాలి తక్కువైతే రెండంచులూ, ఎక్కువైతే నడుమా అరుగుతాయి. టైరు మీద చెయ్యి అడ్డంగా రాస్తే రంపపు పళ్లలా గీరుకుంటే అది టో తేడా, అంటే చక్రం ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం.

వాలును ఇంటి దగ్గరే కొలవొచ్చు. కారును చదునైన గచ్చు మీద, స్టీరింగ్ తిన్నగా ఉంచి నిలపాలి. మేస్త్రీలు గోడ నిలువు చూసే దారం గుండును చక్రం పక్కన వేలాడదీసి, రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ దారం నుంచి ఎంత దూరమో స్కేలుతో చూడాలి. 14 అంగుళాల రిమ్ముకు సుమారు 6 మిల్లీమీటర్ల తేడా ఉంటే ఒక డిగ్రీ వాలినట్టు. ఎంత ఉండాలో ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది.

సరిచేయడమే కష్టం. చాలా చిన్న కార్లలో క్యాంబర్ మార్చే వీలు కంపెనీ ఇవ్వదు. స్ట్రట్ కింది భాగంలో క్యాంబర్ బోల్టు వేస్తే వాలు కొంతే కదులుతుంది. స్ట్రట్ వంగితే మార్చాల్సిందే. ఈ పనికి బండిని లేపినప్పుడు జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండు పెట్టాల్సిందే. క్యాంబర్ కదిలితే టో కూడా మారుతుంది కాబట్టి ఆ తర్వాత అలైన్‌మెంట్ షాపుకు వెళ్లక తప్పదు.