షినానో నో కుని: పాఠ్యగేయం నుంచి ప్రాంతీయ గీతం దాకా

ప్రాంతీయ గీతం అప్పటికే ఉన్న స్వస్థలాభిమానాన్ని ప్రకటిస్తుందని సాధారణంగా భావిస్తాం. జపాన్‌లోని నగానో ప్రిఫెక్చర్ గీతం 'షినానో నో కుని' ఆ అభిమానాన్ని నిర్మించడంలోనూ పాలుపంచుకుంది. 'షినానో దేశం' అని దీని అర్థం. షినానో ఆ ప్రాంతపు పూర్వనామం. పర్వతాలు లోయలుగా విడదీసిన ఈ సీమలో 1876 నాటి పాలనా విలీనం తరువాత నగానో, మత్సుమోతో నగరాల మధ్య స్పర్ధ కొనసాగింది.

భూగోళ, చరిత్రల బోధన కోసం ఉపాధ్యాయుడు అసాయి కియోషి 1899లో ఈ గీతాన్ని రచించాడు. నేడు పాడే బాణీని 1900లో కితామురా సుయెహారు కూర్చాడు. ఆరు చరణాలలో పర్వతాలు, నదులు, పట్టుపురుగుల పెంపకం, చారిత్రక పురుషులు, రైలుమార్గం ప్రస్తావనకు వస్తాయి. మత్సుమోతో, ఇనా, సాకు, జెన్కోజి మైదానాలు నాలుగింటినీ కవి పేరుపేరునా స్మరించాడు. అందువల్ల ఏ లోయవారికైనా తమ చోటు పాటలో వినిపిస్తుంది. పక్క లోయ పేరు కూడా తమ నోటనే పలుకుతుంది.

1948లో ప్రిఫెక్చర్ విభజన ప్రతిపాదన సభలో చర్చకు వచ్చినప్పుడు ప్రేక్షకులు ఈ గీతాన్ని ఎత్తుకున్నారని ప్రసిద్ధి. విభజన జరగలేదు. ఆ ఫలితాన్ని పూర్తిగా పాటకే ఆపాదించలేం. అయితే అందరూ కలిసి పాడగలిగిన పాట ఒకటి అప్పటికే ఉండటం బడి చలవే. అధికారిక గీతం హోదా దానికి 1968లో గాని దక్కలేదు.