పూర్వపరిశోధనల అన్వేషణము: జగదేవ్‌పూర్ ప్రాంతము నిదర్శనముగా

పరిశోధన గ్రంథముల పీఠికలలో ‘ఈ విషయమున ఇంతవరకు ఎవ్వరును కృషి చేయలేదు’ అను వాక్యము తఱచుగా కానవచ్చుచుండును. ఆ వాక్యము వ్రాయుటకు ముందు ఎచ్చట వెదకితిరని మౌఖిక పరీక్షలలో మేము అడుగుచుందుము. ‘శోధగంగలో చూచితిని, లేదు’ అనునదియే సామాన్యమైన ప్రత్యుత్తరము. చూచుట నిజమే కావచ్చును. ఏ పేరుతో చూచిరన్నదే ప్రశ్న.

సిద్దిపేట జిల్లా జగదేవ్‌పూర్ మండలమున తీగుల్ నర్సాపూర్ గ్రామము కలదు. అచ్చటి కొండపోచమ్మ జాతరను గూర్చి పరిశోధింపదలచిన విద్యార్థి యొకడున్నాడనుకొందము. అతడు ‘సిద్దిపేట జిల్లా’ అని మాత్రమే వెదకినచో పూర్వరచనలు చాలవఱకు చేజాఱును. ఏలయన ఆ జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినది. అంతకు ముందు జగదేవ్‌పూర్ మెదక్ జిల్లాలోనిది. 1985కు పూర్వము మండలములే లేవు గనుక ఆనాటి రచనలను తాలూకాల పేర వెదకవలెను.

ఇంతకంటె చిక్కైన దొకటి కలదు. కొమురవెల్లి మల్లన్నను దర్శించిన భక్తులు కొండపోచమ్మను గూడ దర్శించుట ఆచారము. కావున పోచమ్మ ప్రసక్తి మల్లన్నపై వచ్చిన పరిశోధనలలో దాగియుండును. ఆ కొమురవెల్లియో 2016 వఱకు వరంగల్లు జిల్లాకు చెందినది. నేడొకే జిల్లాలోనున్న రెండు క్షేత్రముల చరిత్ర రెండు జిల్లాల పేర చెదరియున్నదన్నమాట. మల్లన్న కథను చెప్పువారు ఒగ్గువారు గనుక ఒగ్గుకథపై వచ్చిన గ్రంథములును చూడదగినవే. మహారాష్ట్రమున ఖండోబా, కర్ణాటకమున మైలారుడు మల్లన్నకు సన్నిహితులు. ఈ దేవతలను గూర్చి సొంతైమర్ పండితుడు 1976లో జర్మను భాషలో ప్రకటించిన గ్రంథము 1989లో ఆంగ్లమున వెలువడినది. జగదేవ్‌పూర్ పేరు లేనంతమాత్రమున అది మన విద్యార్థికి పనికిరాదనరాదు.

ఇక శోధగంగ విషయము. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము దీనిని నిర్వహించుచున్నది. సిద్ధాంత గ్రంథముల ప్రతులను ఎలక్ట్రానిక్ రూపమున సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2009లో నిబంధన చేసినది. అంతకు పూర్వపు గ్రంథములు ఆయా విశ్వవిద్యాలయములు శ్రద్ధ వహించినంతమేరకే అందుచేరినవి. తెలుగు శీర్షికలు కొన్ని తెలుగు లిపిలోను, కొన్ని రోమను లిపిలోను నమోదైనవి. రోమను లిపిలో జగదేవ్‌పూర్, జగ్‌దేవ్‌పూర్, జగదేవపూర్ అను మూడు రూపములును మూడు వేర్వేఱు ఊళ్లవలె కానవచ్చును. పుటలను ఛాయాచిత్రములుగా ఎక్కించిన గ్రంథములలో లోపలి పదములు వెదకుటకు దొరకవు. అట్టిచో పర్యవేక్షకుని పేరుతో వెదకుట మేలని మా అనుభవము. ఒక ఆచార్యుని శిష్యులు సన్నిహిత విషయములనే తీసికొనుట కద్దు. సంస్థల పేళ్లును మాఱుచుండును. పొట్టి శ్రీరాములు పేర నుండిన తెలుగు విశ్వవిద్యాలయము 2025లో సురవరము ప్రతాపరెడ్డి పేరు ధరించినది. రెండు పేళ్లతోను వెదకవలెను.

ముద్రితమైన సిద్ధాంత గ్రంథములను పుస్తకముల పట్టికలలో చూడవలెను. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అట్లు 1958లో అచ్చైన పరిశోధన గ్రంథమే.

ఒక జాతర, ఒక గ్రామము వంటి చిన్న విషయములు ఎక్కువగా ఎం.ఫిల్. లఘుగ్రంథములకు ఎక్కినవి. 2022 నిబంధనలతో ఆ పట్టమే నిలిచిపోయినది గాని ఆ గ్రంథములు శాఖా గ్రంథాలయముల బీరువాలలో నున్నవి. వానిని చూచుటకు స్వయముగా పోవలసినదే.

సదస్సు పత్రముల గతి మఱింత దయనీయము. అఖిలభారత ప్రాచ్యవిద్యా మహాసభ 1919లో పుణెలో మొదలైనది. అట్టి మహాసభల సంపుటములు పెద్ద గ్రంథాలయములలో లభించును. కళాశాలల సదస్సులలో చదివిన పత్రములో? సంచికలు కొలదిగా అచ్చై, వక్తల యిండ్లకు చేరి, అచ్చటనే నిలిచిపోవును. వానిని పట్టుటకు మార్గము వెనుకకు నడచుటయే: దొరికిన ఒక గ్రంథము చివరి ఉపయుక్త గ్రంథసూచిని పట్టుకొని మఱియొకదానికి, అందుండి వేఱొకదానికి పోవలెను. ఒక పత్రమును తరువాత ఎవరు ఉదాహరించిరో తెలిసికొనుటకు గూగుల్ స్కాలర్ ఉపకరించును గాని, తెలుగు రచనల విషయమున దానిపై అధికముగా ఆధారపడరాదు.

మఱియొక పట్టిక కలదు. అది ఏ గ్రంథాలయమునను లేదు. తీగుల్ నర్సాపూర్‌లో పూజారులను, ఒగ్గు కళాకారులను కలిసినపుడు విద్యార్థి తన ప్రశ్నావళిని తెఱచుటకు ముందు, ‘అయ్యా, నాకంటె మునుపు మీ వద్దకు వచ్చి యీ కథ వ్రాసికొన్న వారెవరు?’ అని అడుగవలెను. వచ్చినవారి పేరో, ఊరో, కళాశాలయో వారికి జ్ఞాపకముండును.