రెండు గదులు – ఐదు తరగతులు

మన వార్షిక సంచికలో పెద్ద చదువుల గురించి, పరిశోధనల గురించి, ఉద్యోగావకాశాల గురించి వ్యాసాలు ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయి. ఆ చదువులన్నిటికీ పునాది పడేచోటు ప్రాథమిక పాఠశాల. దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అవసరమనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ కళాశాల విడిచి, ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని నేను రఘునాథపల్లి ప్రాంతంలో ఒక చిన్న బడిలో పనిచేశాను. రఘునాథపల్లి మనలో చాలామందికి రైలు కిటికీలోంచి తెలిసిన ఊరే. జనగామకూ ఘన్‌పూర్‌కూ నడుమ, హైదరాబాద్–వరంగల్ దారిలో ఉంటుంది. అప్పుడది వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు నుండి జనగామ జిల్లా. మా బడిలో రెండు గదులు, ఒక వరండా. తరగతులు ఐదు. ఉపాధ్యాయులం ఇద్దరం.

ఇదేదో మా బడికి మాత్రమే పట్టిన గతి కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారమే అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుంటే చాలు. లెక్కకు సరిపోయింది గానీ, ఐదును రెండుతో భాగిస్తే శేషం మిగులుతుంది గదా! నేను మూడో తరగతికి పాఠం చెబుతుంటే నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు ఏంచేయాలి? "ఎక్కాలు చదువుకోండి", "పాఠం చూసి రాయండి" – ఇవే మా దగ్గరున్న మందులు. రోజులో సగానికి పైగా పిల్లలు చూసి రాస్తూనే గడిపేవారు.

నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పాఠం గడగడా అప్పజెప్పేది. ఒకరోజు పుస్తకం మధ్యలో తెరిచి, "ఇక్కడ చదువు బిడ్డా" అన్నాను. పిల్ల పేజీ వైపు కాదు, పక్కనున్న పిల్ల పెదవుల వైపు చూసింది. నాకు గుండె ఝల్లుమంది. అందరి గొంతులో తన గొంతు కలిపి, చెవితో నేర్చి నాలుగో తరగతి దాకా నెట్టుకొచ్చిందన్నమాట. తప్పు ఆమెది కాదు. ఏడాదిగా ఎదురుగా కూర్చున్నా కనిపెట్టలేకపోయిన నాది. ఇలాంటి పిల్లలు కొద్దిమందే అనుకోకండి. 2022లో దేశంలోని గ్రామాల్లో జరిపిన 'అసర్' సర్వేలో, రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు నూటికి ఇరవై మందే తేలారు.

ఆనాటి నుండి 'కృత్యం' అనే మాటను నేను కొత్తగా అర్థం చేసుకున్నాను. కృత్యం అంటే కాలక్షేపానికి ఆడించే ఆట కాదు. అందులో మూడు గుణాలుండాలి. పిల్లవాడు తన చేతులతో ఏదో ఒకటి చేయాలి. చేసింది ఒప్పో తప్పో ఆ వస్తువే అతనికి చెప్పాలి. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో దూరం నుంచి చూసినా ఉపాధ్యాయునికి తెలియాలి. గుంపులో గొంతు దాచుకోవచ్చు గానీ చేతులు దాచుకోలేరు. తరగతి వారీగా మేము చేసినవి కొన్ని చెబుతాను.

ఒకటో తరగతికి అక్షరం కంటే ముందు మాట. ఇంట్లో వంట ఏమిటి, దారిలో ఏం చూశావు అని పిల్లల చేత వాళ్ళ యాసలోనే మాట్లాడించాలి. "మా బర్రె ఈనింది సార్" అని ఒకడంటే, ఆ మాటనే బోర్డు మీద రాసి చదివించాలి. ఎవరి పేరు అట్ట మీద వాళ్ళు వెతుక్కోవడం, ఇసుకలో వేలితో దిద్దడం, చింతగింజలు కుప్పలు పెట్టి లెక్కించడం తరువాతి పనులు.

రెండో తరగతికి అక్షరాల అట్టలిచ్చి పదాలు కట్టించాలి. 'క, ల, ప, ట' నాలుగే అయినా కల, పట, కలప, పలక అని ఎన్నో పుడతాయి. లెక్కలకు చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టాలి. 52లోంచి 27 తీసేయమంటే రెండు విడి పుల్లల్లోంచి ఏడు రావు. అప్పుడు పిల్లవాడే ఒక కట్ట విప్పుతాడు. 'అప్పు తెచ్చుకోవడం' అని మనం బట్టీపట్టిన రహస్యం అతని చేతిలో విడిపోతుంది.

మూడో తరగతికి అంగడి ఆట. ఖాళీ డబ్బాలు, కాగితం నోట్లు చాలు. 32 రూపాయల సరుకుకు 50 నోటిస్తే చిల్లర ఎంత? తప్పిస్తే కొన్నవాడు ఊరుకోడు, జగడమే! ధరల పట్టీ రాయడం, చదవడం కూడా అందులోనే అయిపోతాయి.

నాలుగో తరగతిలో భిన్నాలు వస్తాయి. మూడు కంటే నాలుగు పెద్దది గనక మూడో వంతు కంటే నాలుగో వంతు పెద్దదని పిల్లలు గట్టిగా వాదిస్తారు. రెండు సమానమైన కాగితాలు మడిచి, చించి, ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే వాదం తీరిపోతుంది. బడి నుండి స్టేషను దాకా దారి పటం గీయించడం కూడా ఈ తరగతి పనే.

ఐదో తరగతికి 24 అగ్గిపుల్లలిచ్చి దీర్ఘచతురస్రాలు పేర్చమనేవాణ్ణి. పది పొడవు, రెండు వెడల్పు పెడితే లోపల 20 గళ్ళు. ఎనిమిది, నాలుగు పెడితే 32. ఆరు, ఆరు పెడితే 36. "కంచె ఒకటే సార్, పొలం వేరే!" అన్నాడొక రైతు బిడ్డ. చుట్టుకొలతకూ వైశాల్యానికీ భేదం ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఊరి పెద్దలను ప్రశ్నలడిగి రాసుకొచ్చి గోడపత్రిక తయారుచేయడం కూడా వీళ్ళ పనే.

ఇవన్నీ ఒకే పూట ఎలా సాగుతాయని అడగవచ్చు. కిటుకు ఏమిటంటే, ఒక జట్టు నా దగ్గర, ఒక జట్టు తమలో తాము, ఒక జట్టు ఎవరికి వారు పనిచేయాలి; గంటకొకసారి మారాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలల్లో చదువును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, గోడమీద 'నిచ్చెన'గా వేలాడదీశారు. పిల్లవాడు తన మెట్టు చూసుకొని, దానికి తగిన కార్డు తీసుకొని పనిలో పడతాడు. నాల్రోజులు బడికి రాకపోయినా ఆగిన మెట్టు దగ్గరే మళ్ళీ ఎక్కుతాడు. 1995లో కర్ణాటకలో మొదలైన 'నలికలి'కి ఇదే స్ఫూర్తి. అంతకుముందే, 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (అప్పెప్) మన ఉపాధ్యాయులకు చేసి నేర్చుకోవడం, జట్టుపని, పరిసరాల వినియోగం వంటి ఆరు సూత్రాలు నేర్పింది. 2022లో తెలంగాణలో వచ్చిన 'తొలిమెట్టు' కూడా ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రావాలన్న పట్టుదలతోనే ప్రారంభమైంది.

మరి ఆ అమ్మాయి సంగతి? నాలుగో తరగతి పిల్లను తీసుకుపోయి రెండో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో బడే మానేస్తుంది. అందుకని రోజుకొక గంట బడి మొత్తాన్ని తరగతులు మరిచి చింత, వేప, మర్రి అని మూడు జట్లు చేశాం. ఆమె వేప జట్టులో అక్షరాల అట్టలతో మొదలుపెట్టింది. కొలతల పనిలో మాత్రం ఆమే అందరికీ పెద్ద. కర్ర పట్టుకొని చిన్నవాళ్ళ చేత వరండా కొలిపించేది. ఏడాది చివరికి ఒక చిన్న కథను ఆగి ఆగి చదివింది. ఆగి ఆగే, అయినా తనంత తానుగా. పక్కపిల్ల వైపు చూడలేదు.

"ఆటలతో కాలం పోతుంది, సిలబస్ ఎప్పుడు అయ్యేను?" అని తల్లిదండ్రులే కాదు, తోటి ఉపాధ్యాయులూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పుల్లలు కట్టడానికి, అట్టలు కత్తిరించడానికి బడి వేళ సరిపోదు. ఇద్దరు ఉపాధ్యాయుల కొరతను ఏ కృత్యమూ పూర్తిగా తీర్చదు. కాని చదవడం రాని పిల్లకు సిలబస్ పూర్తిచేశామనడం, ఆకలిగా ఉన్నవాడికి విస్తరి వేసి ఎత్తేయడం వంటిదే.

సోదర సోదరీ విద్యార్థులారా! సెలవుల్లో మీ ఊరికి పోయినప్పుడు ఒకసారి మీరు చదివిన బడికి వెళ్ళండి. పంతులుగారి అనుమతి తీసుకొని, ఒక్క పిల్లవాడి పక్కన అరగంట కూర్చోండి. పాఠం అప్పజెప్పమనకండి, పుస్తకం మధ్యలో తెరిచి చదవమనండి. అతని చూపు ఎటు పోతుందో గమనించండి. ఆ తర్వాత చేయవలసిందేమిటో మీకే తోస్తుంది.